పసుపు గులాబీ ఎర్రబడిన వైనం

"చలికి ఆగే గులాబీ కావాలంటే పువ్వు చూడకూడదమ్మా రూపా. పువ్వు ఎవడైనా చూస్తాడు. కాండం చూడాలి, కాండం," అంటూ మొదలుపెట్టారు మా ఆయన వీర్రాజు, సగం కొరికిన మిరపకాయ బజ్జీని గాల్లో ఊపుతూ.

ఈయన ఎక్కడ మొదలుపెడతారో నాకు తెలుసు. ఎక్కడ ఆగుతారో మాత్రం పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పసిగట్టలేకపోయాను.

జూన్ నెలలో ఒక శనివారం. ఎడ్మంటన్‌లో జూన్ వచ్చిందంటే సాయంత్రం పేరుకే, టీ వేళ దాటినా ఎండ కళ్ళల్లో పొడుస్తూనే ఉంటుంది. మా ఇంటి వెనక డెక్ మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. రూప మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది. నిజామాబాద్ అమ్మాయి, మాస్టర్స్ చేయడానికి జనవరి చలిలో దిగింది. తన కిటికీ ముందు ఒక గులాబీ మొక్క పెట్టుకోవాలనుంది, ఇక్కడి చలికి ఏ రకం బతుకుతుందని పాపం మామూలుగానే అడిగింది. రూప పక్కన తారక్. వాడూ రెండేళ్ళ క్రితం స్టూడెంట్‌గా వచ్చి మా బేస్‌మెంట్‌లో ఉండి చదువుకున్నవాడే. ఇప్పుడు ఉద్యోగంలో చేరి వేరే చోటికి మారాడు గానీ శనివారం భోజనం మాత్రం మా ఇంట్లోనే. ఎదురుగా దక్షిణామూర్తి గారు, రిటైరైన సివిల్ ఇంజనీరు, ఈ ఊరికి మా అందరికన్నా ముందొచ్చినాయన.

దక్షిణామూర్తి గారి కారులోనే వచ్చి, మెత్త వేసిన కుర్చీలో కూర్చున్నది డాక్టర్ లక్ష్మీకాంతం గారు.

ఆవిడ పిల్లల డాక్టరు. ఈ ఊళ్ళో పెరిగిన తెలుగు పిల్లల్లో సగం మందికి, మా అమ్మాయితో సహా, జ్వరమొస్తే నుదురు పట్టుకుని చూసింది ఆవిడే. రెండేళ్ళ క్రితం వాళ్ళాయన సీతారామారావు గారు పోయారు. ఆ పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారుతూ, ఆవిడ బాధపడింది సామాన్ల గురించి కాదు, వాకిట్లో ఉన్న ఒక పసుపు గులాబీ గురించి. అది ఆయన చేత్తో పెట్టింది. "నాకివ్వండి డాక్టరమ్మ గారూ, కన్నబిడ్డలా చూసుకుంటా" అని మా ఆయన అందరి ముందూ మాటిచ్చి, వేళ్ళతో సహా తవ్వి తెచ్చి మా ముందు మెట్ల పక్కన నాటారు. ఆ వేసవంతా పూసింది. ఆ తర్వాత ఆ రంగు నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడకి తుంటి ఆపరేషన్ అయింది, తర్వాత కాల్గరీలో కూతురి దగ్గరున్నారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి చెట్టు ఎలా ఉందని అడిగేవారు. "బ్రహ్మాండం" అనేవారు ఈయన. ఫోన్ పెట్టేశాక నేను చూసిన చూపుకి, "చెప్తాలే, ఎదురుగా కలిసినప్పుడు చెప్తా. ఫోన్లో చెప్పే సంగతా అది" అనేవారు. తీరా ఇవాళ ఎదురుగా కలిసే రోజొస్తే, పొద్దున్నే దక్షిణామూర్తి గారికి ఫోన్ చేసి, "ముందు మెట్లు రిపేరులో ఉన్నాయండి, వెనక సందులోంచి గరాజ్ వైపు తీసుకొచ్చెయ్యండి" అన్నారు. మా ముందు మెట్లకి ఏ రిపేరూ లేదు. ఆ మాట వింటూ వంటింట్లో నిలబడ్డప్పుడే నాకు చెవులు కాలిపోయాయి. ఆవిడ వెనక వైపు నుంచి కర్ర పొడుచుకుంటూ, గరాజ్‌లో తీసిపెట్టిన చలికాలపు టైర్ల మధ్య ఒదుగుతూ వస్తుంటే, చెయ్యందించాను గానీ ముఖంలోకి చూడలేకపోయాను.

"గార్డెన్ సెంటర్‌కి వెళ్తామా," అని ఈయన సాగిస్తున్నారు, "అక్కడ ప్రతి కుండీకీ ఓ చీటీ ఉంటుంది. జోన్ మూడు, జోన్ నాలుగు అని రాస్తారు. నంబరు ఎంత తక్కువైతే అంత చలికి ఆగుతుందని. జనమంతా అది చదివి కొనేసుకుంటారు. నేను చదవను. ఎందుకు చదవాలి? ఆ చీటీ రాసినవాడు హీటరు పక్కన కూర్చుని రాశాడు. నేను కడియం పక్కన పుట్టినవాణ్ణి, నర్సరీల మధ్య నడక నేర్చినవాణ్ణి. నేనేం చేస్తానంటే, కాండాన్ని ఇలా గోటితో మీటుతాను. చలికి ఆగేదైతే ఠంగుమంటుంది, ఆగనిదైతే టప్పుమంటుంది. పోయినేడు అట్లాగే మీటి పక్కింటాయనకి ఒకటి ఎంచిపెట్టాను. వీధిలో అందరి గులాబీలూ పోయాయి, ఆయనది నిలబడింది."

"ఆ చీటీయేదో చదివుంటే మీటే శ్రమ తప్పేది కదోయ్," అన్నారు దక్షిణామూర్తి గారు. "ఈ దేశం వాళ్ళు ఈ చలి కోసమే పెంచిన రకాలున్నాయి, పాతకాలం నావికుల పేర్లు పెట్టారు వాటికి. సొంత వేరు మీద పెరుగుతాయి. పైన మాడిపోయినా కింద నుంచి మళ్ళీ అదే లేస్తుంది."

"మా ఆయనకీ అందరూ అదే చెప్పేవాళ్ళు," అని నవ్వారు లక్ష్మీకాంతం గారు. "ఆ పసుపుది ఇక్కడ బతకదండీ అని కొట్టువాడే చెప్పాడట. ఆ మాటన్నాడని పంతం పట్టి అదే కొనుక్కొచ్చారు." ఆవిడ కప్పు కింద పెట్టి ముందుకి వంగారు. "అవునూ వీర్రాజూ, ఎలా ఉంది నా పసుపుది? ఇందాకట్నుంచీ అడుగుదామనే చూస్తున్నా."

నేను ఈయన వైపు చూశాను. ఇదిగో, ఇప్పుడు చెప్పండి అన్నట్టు చూశాను. ఈయన నా వైపు చూడలేదు.

"బ్రహ్మాండంగా ఉందండి!"

"పోయిన చలికాలం చాలా గట్టిగా వచ్చిందన్నారు? కాల్గరీలోనే మేం బయటికి తొంగి చూడలేదు."

"వచ్చిందండి. మైనస్ నలభై. నేను రోజూ పొద్దున్నే లేచి ముందు దాని ముఖమే చూసేవాణ్ణి. ఆకులన్నీ రాలిపోయాయి గానీ డాక్టరమ్మ గారూ, అడుగున ఒక్క ఆకు, ఒకే ఒక్కటి, డిసెంబర్ దాకా పచ్చగానే ఉండిపోయిందండి."

"నిజంగానా?"

ఆ 'నిజంగానా' అనడంలో ఆవిడ ముఖం విచ్చుకున్న తీరు నేను చెప్పలేను. అక్కడ ఆగిపోయి ఉంటే అబద్ధం చిన్నదే అయ్యేది. కానీ ఎదుటి ముఖంలో వెలుగు కనిపిస్తే మా ఆయన ఆగలేరు. ఇంకొంచెం, ఇంకొంచెం అని నూనె పోస్తూనే ఉంటారు.

"నిజంగానా ఏంటండీ, ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనవరిలో మొగ్గ తొడిగింది! మంచు నడుం లోతుంది, దాని మధ్యలోంచి మొగ్గ ఇలా తల పైకెత్తి చూస్తోంది. నేను నమ్మలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశా. వాసంతిని పిలిచి చూపించా. చూపించానా లేదా?"

అందరూ నా వైపు తిరిగారు. "బజ్జీలు చల్లారిపోతున్నాయి," అన్నాను. నా నోట్లోంచి అంతకన్నా రాలేదు. కాదనాల్సింది అప్పుడే. అనలేదు. పళ్ళెం తీసుకుని అందరికీ వడ్డించడం మొదలుపెట్టాను, వడ్డించినంత సేపూ తల ఎత్తక్కర్లేదు కదా.

"మొగ్గేనా అంకుల్, పూసిందా?" అన్నాడు తారక్ నవ్వుతూ. వాడికి ఈయన సంగతి తెలుసు. వాడికిది శనివారం కాలక్షేపం.

"పూయక! విచ్చుకునే రోజు ఫెళ్ళుమని చప్పుడైంది. తలుపెవరో కొట్టారనుకుని తీశాను. చూద్దును గదా, పళ్ళెమంత పువ్వు. ఆ పువ్వు వేడికి చుట్టూ మంచు కరిగి, జానెడు మేర పచ్చగడ్డి లేచింది. ఇక చూస్కో నాయనా, ఈ ఊళ్ళో తెల్లకుందేళ్ళు ఉంటాయిగా, అవన్నీ వచ్చి దాని చుట్టూ కూర్చుని ముందుకాళ్ళు చాపుకుని చలి కాచుకోవడం. ఒకటి లేస్తే ఇంకోటి వచ్చి ఆ జాగాలో కూర్చోవడం. చివరికి అవి వాటిల్లో అవే వరస పెట్టుకున్నాయి. పిల్లతల్లులు ముందు, ముసలివి తర్వాత, మగవి ఆఖర్న."

రూప పడీ పడీ నవ్వింది. "వరస తప్పితే ఎట్ల అంకుల్?"

"తప్పితే ముల్లు గుచ్చేది. ఆ ముల్లు సంగతి చెప్పలేదు కదూ మీకు. రోడ్డు మీద మంచు గీకే గ్రేడర్ వస్తుందిగా, ఇల్లంత బండి, ఆ డ్రైవరు చూసుకోకుండా బ్లేడు మా వాకిట్లోకి తోశాడు. బ్లేడు వచ్చి గులాబీ ముల్లుకి తగులుకుంది. అంతే, కదల్దు. ముందుకెళ్ళదు, వెనక్కెళ్ళదు. ఇంజను మూలుగుతోంది. డ్రైవరు దిగొచ్చి చూసి టోపీ తీసి, 'సార్, ఇదేం మొక్క?' అన్నాడు. 'మా సీతారామారావు గారి గులాబీ' అన్నా. అప్పుడు నేను మొక్క చెవిలో మెల్లిగా చెప్తే గానీ వదల్లేదండి బ్లేడుని."

సీతారామారావు గారి పేరు విన్నాక లక్ష్మీకాంతం గారి నవ్వు కొంచెం వెనక్కి తగ్గింది. పెదాల మీద ఉంది గానీ కళ్ళల్లో లేదు. కొంగు చివర వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టారు. నేను చూశాను. ఈయన చూడలేదు, లేదా చూసి భయపడి ఇంకా గట్టిగా మాట్లాడారు. ఇన్నేళ్ళలో నాకర్థమైంది ఒకటుంది. మా ఆయన సంతోషంతో కోసే కోతలు వేరు, భయంతో కోసేవి వేరు. సంతోషంగా ఉంటే మధ్యమధ్య ఆగి టీ తాగుతారు. భయం వేస్తే ఊపిరి తీసుకోరు.

"ఏవండీ, టీ చల్లారిపోతోంది," అన్నాను.

"ఉండవే, ఫిబ్రవరి సంగతి చెప్పనీ. ఫిబ్రవరిలో మైనస్ యాభై..."

"ఇందాక నలభై అన్నావు," అన్నారు దక్షిణామూర్తి గారు.

"అది జనవరి అండి. ఫిబ్రవరిలో యాభై. కారు బ్యాటరీ చచ్చిపోయింది. ఆఫీసులో మీటింగు, నేను లేకపోతే మా కంపెనీ సర్వర్లు తెరుచుకోవు. కారు ముందు ప్లగ్గు వేలాడుతూ ఉంటుందిగా, చలికాలం కరెంటుకి తగిలించేది, చూద్దును గదా వీధంతా కరెంటు పోయింది. ఏం చెయ్యాలి? ఆ ప్లగ్గు తీసుకెళ్ళి గులాబీ మొదట్లో గుచ్చాను."

"అబ్బా అంకుల్!" అంది రూప.

"తాళం తిప్పానో లేదో, ఝామ్మని లేచింది కారు. ఆ రోజు నుంచి మా వీధి వీధంతా తీగలు పట్టుకుని వరసలో నిలబడ్డం. నేనెవర్నీ కాదనలేదు. ఇక వాసనంటారా, ఎయిర్‌పోర్టులో దిగాల్సిన విమానం పైన తిరుగుతూ ఉండిపోయిందట, పైలట్ కింద వాళ్ళని అడిగాడట, ఈ ఊళ్ళో అత్తరు ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారని! ఆకాశంలో ఉత్తరపు వెలుగులు వస్తాయి చూడండి, ఆకుపచ్చగా, అవి మా ఇంటి మీదకొచ్చేసరికి పసుపు రంగులోకి తిరిగి, కిందకి వంగి, పువ్వుని తాకి వెళ్ళేవి. ఊరంతా పసుపు. మంచు పసుపు, ఇళ్ళు పసుపు, మనుషులు పసుపు, అచ్చం పెళ్ళివారిలా..."

"కానీ అంకుల్," అంది రూప, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "మన ముందర మెట్ల పక్కన ఉన్న గులాబీ ఎర్రగ పూస్తుంది కదా? పొద్దుగాల కాలేజీకి పోతా రోజూ చూస్తున్నా."

పాపం ఆ పిల్లకేం తెలుసు. ఎర్ర పువ్వంటే అర్థమేమిటో కూడా దానికి తెలీదు.

 పక్కింట్లో ఎవరో గడ్డి కోస్తున్న మోటారు చప్పుడొక్కటే. మా ఆయన చేతిలో ఉన్న బజ్జీని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. ఇప్పటికైనా ఆగుతారనుకున్నాను. దేవుడా, ఆపు ఈ మనిషిని, అనుకున్నాను.

"ఎరుపా! అద్గదీ! అదే చెప్పబోతున్నా!" గొంతు మామూలుకన్నా పైకి లేచింది. "అసలు విశేషం అదేనండి. మార్చి నెలలో మైనస్ అరవై వచ్చింది చూడండి, ఆ చలికి దానికి కోపం వచ్చింది. మనం చలిగాలిలో నిలబడితే బుగ్గలు ఎర్రబడవూ? అట్లాగే ముందు రేకల అంచులు ఎర్రబడ్డాయి, తర్వాత నడుమ, తర్వాత మొత్తం! నా కళ్ళ ముందే ఎర్రబడిపోయింది. పసుపుది పౌరుషం తెచ్చుకుని ఎరుపైందండి. ఒట్టావా నుంచి సైంటిస్టులు ఫోన్, ఎలా చేశారు వీర్రాజు గారూ అని. నేనేం చెయ్యలేదు బాబూ, అది పట్టుదల గల మొక్క అన్నా. ఇప్పుడు ఇక అది ఏ చలికైనా... ఎంత చలికైనా..."

 ఇంకా పైకి ఎక్కడానికి మెట్టు లేదు.

"వీర్రాజూ," అన్నారు లక్ష్మీకాంతం గారు.

గట్టిగా అనలేదు. పిల్లలు ఏడుస్తున్నప్పుడు ఆవిడ గదిలో వినిపించే గొంతు అది, మా అమ్మాయి చిన్నప్పుడు నేను విన్నది.

"ఎర్ర పూలు పూస్తోందా?"

"పూస్తోందండి. ముద్దగా, గుత్తులు గుత్తులు..."

"ముద్దగా పూయదు. రేకలు తక్కువ ఉంటాయి. నల్లటి ఎరుపు. మధ్యలో పుప్పొడి కనబడుతుంది. కొమ్మలు పొడుగ్గా సాగి నేల మీదకి వంగి ఉంటాయి. ఏమ్మా రూపా, అవునా?"

రూప మా ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది. అప్పటికి దానికి ఏదో అర్థమైనట్టుంది. నవ్వు పోయింది. మెల్లిగా తలూపింది.

"కడియం పక్కన పుట్టినవాడివి," అన్నారావిడ ఈయనతో. "అంటు కట్టిన మొక్క గురించి నీకు నేను చెప్పాలా? ఆ పసుపుది అంటు మొక్క. పైన పసుపు, కింద వేరే జాతి వేరు. పైది చలికి చచ్చిపోతే కింద వేరు చిగురేస్తుంది. ఆ వేరు జాతిది ఎరుపు. ఎర్ర పువ్వు పూసిందంటే, నా పసుపుది పోయిందని అర్థం. అంతే కదా?"

ఈయన తల దించుకున్నారు.

"అది కోపం కాదు, పౌరుషమూ కాదు. చచ్చిపోయింది." ఆవిడ కొంగు సర్దుకున్నారు.  "నేను ఇన్నేళ్ళు పిల్లల డాక్టరుగా చేశాను వీర్రాజూ. తల్లీ తండ్రీ ఎదురుగా కూర్చుంటే, చెప్పకూడని మాటలు చెప్పాల్సి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఎప్పుడూ అటూ ఇటూ తిప్పి చెప్పలేదు. వాళ్ళ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నమాట చెప్పాను. నువ్వూ ఫోన్లో 'పోయిందండి' అని ఉంటే ఆ రోజు ఏడ్చి ఊరుకునేదాన్ని కదా? ఈ కుందేళ్ళూ, విమానాలూ ఎందుకు నాకు? నేను వింటూ వింటూ, ఒక్క ఆకు పచ్చగా ఉండిపోయిందన్నావే, అది నమ్మాను. ఆయన చెట్టు కదా, ఉండే ఉంటుంది అనుకున్నాను."

నాకు నేల తప్ప ఎటు చూడాలో తెలీలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఒక్క ఆకు దగ్గర నేను నోరు తెరిచి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. సిగ్గు మా ఆయనదే కాదు. అవుననకుండా ఊరుకుంటే ఎవరినీ మోసం చేయనట్టేనని నన్ను నేను నమ్మించుకున్నాను.

"చూస్తాను," అని లేచారావిడ. "ముందు వైపుకి తీసుకెళ్ళండి."

మెట్లు రిపేరని ఎవరూ అనలేదు. ఇంట్లోంచే నడిచాం. దక్షిణామూర్తి గారు ముందు తలుపు తీసి, నిక్షేపంలా ఉన్న మెట్ల వైపు ఒకసారి చూసి, ఒక్క మాటా అనకుండా పక్కకి తప్పుకున్నారు. అన్నా బాగుండేది.

చెట్టు అక్కడే ఉంది. కొమ్మలు ఆవిడ చెప్పినట్టే పొడుగ్గా సాగి గడ్డి మీదకి వాలి ఉన్నాయి. వాటి నిండా నల్లెరుపు పూలు. అందంగానే ఉన్నాయి, అదే ఇంకా బాధ. ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టి, కొమ్మని కొంచెం పక్కకి జరిపి మొదలు చూశారు. అక్కడ, మట్టికి బెత్తెడు పైన, ఎండి బూడిద రంగుకి తిరిగిన మోడు ఉంది. బొటనవేలంత. దాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు.

"దీనికి చలిని తట్టుకునే శక్తి ఎప్పుడూ లేదు," అన్నారు. "ఆయనకి ఓపిక ఉండేది, అంతే. నేల గట్టిపడక ముందే ఒక పక్క వేళ్ళు వదులు చేసి, చెట్టుని మెల్లిగా వంచి, మట్టిలో పడుకోబెట్టేవారు. పైన ఆకులు కప్పేవారు. మళ్ళీ మే నెలలో లేపేవారు. ఏ ఏడూ మానలేదు, నడుం నొప్పి ఉన్న ఏడు కూడా. నీకు చెప్పాను కదా ఇదంతా?"

"చెప్పారండి," అన్నారు ఈయన. మెట్ల కింద గడ్డిలో నిలబడి ఉన్నారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు.

"ఎప్పుడు పోయింది?"

"ఆ మొదటి చలికాలమేనండి."

"పడుకోబెట్టలేదా?"

"లేదండి."

"ఎందుకని? అంత పనేం పడింది ఆ వారం?"

"ఆంటీ, ఆ రోజు అంకుల్ మా..." అని తారక్ తలుపు దగ్గర్నుంచి అందుకోబోయాడు.

ఆ రోజు ఏం జరిగిందో నాకూ తెలుసు. అక్టోబర్ ఆఖర్లో ఆదివారం. పొద్దున్నే పార తీసి గోడకి ఆనించి పెట్టారు, ఇవాళ డాక్టరమ్మ గారి చెట్టుని పడుకోబెట్టాలి అంటూ. అంతలో ఫోన్ వచ్చింది. తారక్, వాడి స్నేహితులు అద్దెకున్న ఇంట్లో హీటింగ్ పాడైంది, ఇంటివాడు ఫోన్ ఎత్తడం లేదు. ఇండియా నుంచి వచ్చి రెండు నెలలు కాలేదు వాళ్ళు, సరైన కోట్లు కూడా లేవు. బయట ఆ ఏటి మొదటి మంచు మొదలైంది. ఈయన వ్యాన్ తీసుకెళ్ళి ఆ పిల్లల్నీ, పరుపుల్నీ, బియ్యం బస్తాల్నీ మోసుకొచ్చి మా బేస్‌మెంట్‌లో దింపారు. ఎన్ని సార్లు తిరిగారో. చివరిసారి వచ్చేసరికి కనుబొమ్మలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. తర్వాత వారమంతా వాళ్ళకి కోట్లు, బూట్లు, తారక్ మా దగ్గరే ఉండిపోతే మిగతావాళ్ళకి కొత్త ఇంటి వేట. చెట్టు గుర్తొచ్చేసరికి నేల రాయిలా అయిపోయింది.

ఆ కథ ఈయన ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ పిల్లల సంఖ్య పెరిగేది, మంచు ఎత్తు పెరిగేది, ఒకసారైతే వ్యాన్ బదులు భుజాల మీదే మోసుకొచ్చారు. ఇప్పుడేమీ పెంచక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెప్తే చాలు, ఆవిడ మనసు కరుగుతుంది. సాక్షి కూడా పక్కనే ఉన్నాడు.

ఈయన చెయ్యి ఎత్తి తారక్‌ని ఆపేశారు.

"పనేం లేదండి," అన్నారు. "మర్చిపోయాను."

తారక్ నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే వద్దన్నాను. ముఖం మీద చెమట కారుతున్నా తుడుచుకోకుండా, మా ఆయన ఆవిడ ఎదురుగా అలాగే నిలబడ్డారు. ఈ మనిషి నోట ఇంత పొట్టి మాట వినడం నాకిదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోతున్నదాన్నే, గడ్డిలోకి దిగి వెళ్ళి ఈయన పక్కన నిలబడ్డాను.

లక్ష్మీకాంతం గారు తారక్ ముఖం చూశారు. తర్వాత ఈయన ముఖం చూశారు. ఏదో ఉందని ఆవిడకి తెలిసిపోయింది, అన్నేళ్ళు మాటలు రాని పిల్లల్ని చూసిన మనిషి. కానీ అడగలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు, ఒకసారి కాదు. 

మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని కర్ర అందుకున్నారు. "వచ్చే శనివారం గార్డెన్ సెంటర్‌కి తీసుకెళ్ళు," అన్నారు ఈయనతో. "చీటీ నేను చదువుతాను. సొంత వేరు మీద పెరిగేది, ఎవరూ పడుకోబెట్టక్కర్లేనిది చూసి కొందాం. నాకిక పంతాలు లేవు. ఇది పీకొద్దు, ఉండనీ. పక్కన గొయ్యి తవ్వు."

"అలాగేనండి," అన్నారు ఈయన.

ఇంకో మాట కలుపుతారేమోనని చూశాను. కలపలేదు. ఆవిడ మెట్టు మీద నుంచి లేవబోతుంటే చెయ్యి చాపి నిలబడ్డారు. ఆవిడ కొంచెం తటపటాయించి, ఆ చెయ్యి పట్టుకున్నారు.